గోపాలపట్నంలో సింహాచలం స్టేషన్: దీని చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

గోపాలపట్నం గేటు

అందరికీ నమస్కారం. గోపాలపట్నంలో ఉన్న సింహాచలం స్టేషన్ మీద మా కాలనీ సంఘం తరఫున 12 పేజీల చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. ఎక్స్‌ప్రెస్‌లు దూసుకుపోయే చిన్న స్టేషనే. రాసేవాళ్లు ముగ్గురం, రైల్వేలో పనిచేసినవాళ్లు ఎవరూ లేరు. తెలిసినవాళ్లు కాస్త దారి చూపండి.

ఒకటి, "1893లో మొదలైంది" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. అట్ట మీద అలాగే వెయ్యొచ్చా? రెండు, గుడి అక్కడ, స్టేషన్ ఇక్కడ. మరి ఈ పేరెందుకు? మూడు, శిలాఫలకం లేని పాత కట్టడాల వయసు ఎలా పట్టుకోవాలి? నాలుగు, కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? డీఆర్ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుకి ఒక అర్జీ పెడితే సరిపోతుందా?

లైన్ క్లియర్

1893 అని అట్ట మీద వెయ్యకండి. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే కటక్ నుంచి బెజవాడ దాకా 1893–96 మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. వాట్సాప్‌వాళ్లు ఆ మొదటి సంవత్సరం పట్టుకుని దారిలో ఉన్న ప్రతి స్టేషన్‌కీ తగిలించేస్తున్నారు. లైను తెరిచిన తేదీ వేరు, అందులో ఒక స్టేషన్ తెరిచిన తేదీ వేరు. ఇప్పుడు కనిపించే భవనం కట్టిన తేదీ మళ్లీ వేరు, ఇప్పటి పేరు పెట్టిన తేదీ ఇంకా వేరు. ఈ నాలుగూ నాలుగు గడులుగా గీసుకుని, దొరికినవి దొరికినట్టు నింపండి. గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే అచ్చువేయండి, తప్పు లేదు.

తర్వాత యజమానుల వరస. మీకు కాగితాలు ఏ ఊళ్లో ఉన్నాయో తేలేది దీంతోనే, అందుకని కాస్త విడమర్చి చెబుతున్నా. వాల్తేరు, అంటే ఇప్పటి విశాఖపట్నం స్టేషన్, రెండు కంపెనీల గట్టు. వాల్తేరుకి దక్షిణం ముక్క, అంటే అనకాపల్లి మీదుగా బెజవాడ దాకా, 1901లో మద్రాసు రైల్వే చేతికి పోయింది. ఉత్తరం ముక్క, అంటే కొత్తవలస, విజయనగరం మీదుగా కటక్ దాకా, పూరీ బ్రాంచితో సహా 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకి (బీఎన్ఆర్) పోయింది. 1908లో మద్రాసు రైల్వే కాస్తా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. అది 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వేలో కలిసింది. బీఎన్ఆర్‌ని 1944 అక్టోబరులో ప్రభుత్వం తీసుకుంది, 1952 ఏప్రిల్ 14న అది ఈస్టర్న్ రైల్వేలో భాగమైంది, 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్‌గా విడిపోయింది. సౌత్ సెంట్రల్ 1966 అక్టోబరు 2న పుట్టింది. వాల్తేరు డివిజన్ 2003 ఏప్రిల్ 1 నుంచి ఈస్ట్ కోస్ట్ రైల్వే కింద నడిచింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ డివిజన్‌ని రెండుగా చీల్చడానికి ఒప్పుకుంది: పలాస–విశాఖ–దువ్వాడ వగైరా సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో దక్షిణ కోస్తా జోన్‌కి, కొత్తవలస–కిరండూల్ వైపు సుమారు 680 కిలోమీటర్లు కొత్త రాయగడ డివిజన్‌కి.

దీని అర్థం ఏమిటంటే, ఉత్తరం ముక్క పాత ఫైళ్ల కోసం భువనేశ్వర్ కాదు, కోల్‌కతా గార్డెన్‌రీచ్ వైపు చూడాలి. సౌత్ ఈస్టర్న్ హెడ్డాఫీసు అక్కడే. దక్షిణం ముక్కకైతే చెన్నై. చాలామంది విశాఖ డీఆర్ఎం ఆఫీసులో ఏమీ దొరకలేదని ఆగిపోతారు. ఎందుకు దొరకదో పై వరస చూస్తే మీకే తెలుస్తుంది, ఇల్లు అన్నిసార్లు మారితే ట్రంకుపెట్టె ఎక్కడో ఒకచోట ఉండిపోతుంది.

పాత పత్రాల్లో స్టేషన్ పేర్లు ఇప్పటి స్పెల్లింగులో వెతక్కండి. విశాఖపట్నానికి విజగపటం, విజయనగరానికి విజియానగ్రమ్ అని ఉంటుంది. పెద్ద స్టేషన్‌కి విశాఖపట్నం అన్న పేరు వచ్చింది 1987లో. అంతకు ముందు కాగితాల్లో అది వాల్తేరే.

పాత పట్టా

కట్టడాల సంగతి నేను చెబుతాను. ముందే ఒక మాట: చూసేదంతా ప్లాట్‌ఫామ్ మీంచి, రోడ్డు మీంచి, ఓవర్ బ్రిడ్జి మీంచి చూడండి. పది రూపాయల ప్లాట్‌ఫామ్ టిక్కెట్టు రెండు గంటలే చెల్లుతుంది. పట్టాల మీదకి దిగితే రైల్వే చట్టం సెక్షన్ 147 కింద కేసు, పైగా ప్రాణం మీదకి.

మొదట చూడాల్సింది ఆఫీసు గది గడప. ప్లాట్‌ఫామ్ మీంచి ఒక మెట్టు దిగి లోపలికి వెళ్లాల్సి వస్తే, గది పాతది, ప్లాట్‌ఫామ్ తర్వాత ఎత్తు చేశారు. వాన నీళ్లు లోపలికి రాకుండా గడప దగ్గర సిమెంటు గట్టు కట్టి ఉంటుంది చూడండి, అదొక గుర్తు. పాత చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ పట్టా ఎత్తులోనే ఉండేది. తర్వాత మీడియం, అంటే పట్టా మీంచి 455 మిల్లీమీటర్లు. ఇప్పుడు హై లెవల్, 760 నుంచి 840. అంచు గోడని పక్కనించి చూస్తే రాతి వరసలు, పైన ఇటుక వరసలు, ఆపైన కాంక్రీటు పలక, కేకు ముక్కలా పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఆ ఫొటో ఒక్కటి పుస్తకంలో ఒక పేజీ పెట్టుబడి.

గోడ సున్నమా సిమెంటా అని చూడ్డానికి, పెచ్చు ఊడిన చోట ఇటుకల మధ్య సందులో గోటితో గీకండి. సున్నం గచ్చు పిండిలా రాలుతుంది, సిమెంటు గోరునే అరగదీస్తుంది. కొత్తగా పూసిన చోట మాత్రం గీకకండి, పై పూత మోసం చేస్తుంది. పైకప్పు లోపలి నుంచి చూడనిస్తే ఇంకా మంచిది. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు అంచుకి నిలబెట్టి ఏటవాలుగా పేర్చి సున్నంతో పోసిన కప్పయితే మద్రాసు టెర్రస్. ఇనప దూలాల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులుంటే జాక్ ఆర్చ్. ఆ దూలాలు ఒక్కోసారి పాత రైలు పట్టాలే.

అసలు సాక్ష్యం పట్టాలే. పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాల్లో చేసిన కంపెనీ, బరువు, సంవత్సరం పోతపోసినట్టు ఉంటాయి. నడుస్తున్న లైన్‌లో చదవాల్సిన అవసరం లేదు. తీసేసిన పాత పట్టాలనే కంచె స్తంభాలుగా, షెడ్డు గుంజలుగా, లెవల్ క్రాసింగ్ దగ్గర అడ్డుకట్టలుగా పాతుతారు. తుప్పు మీద తెల్ల సుద్ద అడ్డంగా రాసి, పొద్దున్న ఏడింటికో సాయంత్రం అయిదింటికో ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే అక్షరం లేచి కనిపిస్తుంది. మధ్యాహ్నం తీస్తే ఏమీ రాదు. 90ఆర్ అని ఉంటే గజానికి 90 పౌన్లు, మీటరుకి సుమారు 44.6 కిలోలు. తర్వాత 52 కిలోలు, ఇప్పుడు 60 కిలోలు. బారో లాంటి ఇంగ్లండు కంపెనీ పేరుంటే పాతకాలం సరుకు. భిలాయి ముద్ర ఉంటే 1960కి ముందుది కాదు, అక్కడ రైలు మిల్లు మొదలైంది అప్పుడే.

కల్వర్టులు కూడా వదలొద్దు. రోడ్డు మీంచి కనబడే చిన్న వంతెన కింద లోపలి భాగం ఇటుక కమాను, బయటి భాగం కాంక్రీటు పెట్టె, మధ్యలో నిలువు గీతలా అతుకు ఉందంటే, లోపలిది మొదటి లైను నాటిది, బయటిది పక్కన ఇంకో లైను వేసినప్పుడు పొడిగించినది. ఒక వంతెనకి అలాంటి అతుకులు రెండుంటే మూడు సార్లు పని జరిగింది.

గోపాలపట్నం గేటు

చాలా థాంక్సండీ, ఇంత వస్తుందనుకోలేదు. పాత పట్టా గారూ, ఒక సందేహం. కంచెలో పాతిన పట్టా మీద 1894 అని చదవగలిగాం అనుకుందాం. అప్పుడు స్టేషన్ 1894దే అనొచ్చా?

లైన్ క్లియర్

అనకూడదు. పాత పట్టా గారు చెప్పిందానికి ఇది నా సవరణ. పట్టా మెయిన్ లైన్‌లో అరిగాక దాన్ని తీసి లూప్‌లో, అంటే ఇంకో బండి దాటేదాకా ఒక బండి ఆగే పక్క లైనులో వేస్తారు, అక్కడా అరిగితే సైడింగ్‌లో, అంటే వ్యాగన్లు నిలిపే పట్టాలో, ఆఖరికి కంచెలో. ఈ లోపు అది వేరే సెక్షన్ నుంచి వ్యాగన్ ఎక్కి వచ్చి ఉండొచ్చు కూడా. కాబట్టి పట్టా మీది సంవత్సరం ఒక్కటే చెబుతుంది: ఆ కంచె అంతకు ముందుది కాదు. స్టేషన్ గురించి అది ఏమీ చెప్పదు. కల్వర్టు అలా కాదు, అది కదలదు. రెండింటికీ పేచీ వస్తే కల్వర్టు మాటే నమ్మండి.

పాత పట్టా

ఒప్పుకున్నాను. పట్టాని వయసుకి వాడండి, చోటుకి వాడొద్దు.

అడంగల్

కాగితాల ప్రశ్న ఎవరూ తీసుకోలేదు, నేను తీసుకుంటా.

రైల్వే చరిత్రని రైల్వేలోనే వెతకడం సగం పనే. లైనుకి భూమి కావాలి, భూమికి నోటిఫికేషన్ కావాలి. విజగపటం జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ, కాబట్టి ఆ ప్రకటనలు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్‌లో పడేవి. ఊరి పేరు, సర్వే నంబరు, ఎకరాలు, దేనికోసం అన్నది అందులో రాస్తారు. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకండి. 1894 మార్చి 1కి ముందు సేకరణ అయితే 1870 చట్టం కింద, తర్వాతైతే 1894 చట్టం కింద ఉంటుంది. ఇండెక్సులో ఏ చట్టం అని చూస్తే పని సగం తగ్గుతుంది. స్టేషన్ కోసం అదనంగా భూమి తీసుకున్న ప్రకటన ఒకటి దొరికిందంటే, లైను తేదీ నుంచి స్టేషన్ తేదీ విడిపోయినట్టే.

మీ చుట్టుపక్కల ఒక చిక్కుంది. సింహాచలం కొండ చుట్టూ దేవస్థానం భూములు, పంచగ్రామాల గొడవ, అంటే ఆ అయిదు ఊళ్ల భూములు దేవస్థానానివా జనానివా అన్న తగువు, అందరికీ తెలిసిందే. జమీందారీ, ఈనాం ఊళ్లలో 1948 ఎస్టేట్స్ రద్దు చట్టం తర్వాతే రయత్వారీ (రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతి) సర్వే, సెటిల్మెంటు జరిగాయి. అందుకని పాత గెజిట్‌లోని నంబరుకీ ఇప్పటి ఎఫ్ఎంబీలో (పొలాల కొలతల పుస్తకం) నంబరుకీ పొంతన ఉండదు. నంబరు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి వెళ్తే "అలాంటిది లేదు" అంటారు. నంబరు కాదు, చెరువు, గెడ్డ, ఊరి పొలిమేర, ఇలాంటి హద్దులు పట్టుకుని పోల్చండి.

మ్యాపులకి: మన ప్రాంతం సర్వే ఆఫ్ ఇండియా 65 ఓ షీట్లలో పడుతుంది. గోపాలపట్నం సరిగ్గా 65 ఓ/1, 65 ఓ/2 రెండింటి అంచు మీద ఉంటుంది, ఒకటే తీసుకుంటే స్టేషన్ దొరక్క జుట్టు పీక్కుంటారు. తీరప్రాంతం కాబట్టి పాత షీట్లకి ఆంక్షలు ఉండొచ్చు. అమెరికా సైన్యం 1950ల్లో వేసిన 1:250,000 మ్యాపులు టెక్సాస్ విశ్వవిద్యాలయం సైటులో ఉచితం, ముందు అవి చూడండి. లైన్లు ఎటు చీలుతున్నాయో వాటిలో తేలుతుంది, లూపులు మాత్రం కనబడవు.

ఇక ఆర్టీఐ, అంటే సమాచార హక్కు అర్జీ. "స్టేషన్ చరిత్ర ఇవ్వండి" అని అడిగితే "అందుబాటులో లేదు" అని ఒక్క లైను వస్తుంది, అది చట్టప్రకారం సరైన జవాబే. చరిత్ర అనే ఫైలు ఎవరి దగ్గరా ఉండదు. ఉన్న కాగితం పేరు పెట్టి అడగాలి: యార్డు ఇంజినీరింగ్ స్కేల్ ప్లాన్, దాని పాత సవరణలన్నీ, ల్యాండ్ ప్లాన్, రెండు స్టేషన్ల మధ్య బ్రిడ్జి రిజిస్టర్‌లో కట్టిన సంవత్సరం గడి, భవనాల రిజిస్టర్, లైను తెరవడానికి సేఫ్టీ కమిషనర్ ఇచ్చిన అనుమతి. ఫైలు నాశనం చేశామంటే, నాశనం చేసినట్టు రాసిన రిజిస్టర్ పేజీ అడగండి, అది కూడా రికార్డే. ఫీజు 10 రూపాయలు, అర్జీ 500 మాటలకి మించకుండా చూసుకోండి. కాపీ పేజీకి 2 రూపాయలు. పెద్ద ప్లాన్లు కాపీ తీయించడం కన్నా వెళ్లి చూస్తామని అడగడం తెలివి: మొదటి గంట ఉచితం, తర్వాత గంటకి 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఇప్పుడు డివిజన్లు, జోన్లు మారుతున్నాయి కదా, తప్పు ఆఫీసుకి వేశానేమో అని బెంగపడకండి, సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో వాళ్లే సరైన ఆఫీసుకి బదిలీ చేయాలి.

స్టేషన్ వర్కింగ్ రూల్స్ అడిగితే భద్రత పేరుతో ఆపొచ్చు. దాని మీద పట్టుబట్టి నెలలు పోగొట్టుకోవద్దు, మీ పుస్తకానికి అది లేకపోయినా నష్టం లేదు.

సంపెంగ తోట

పేరు గురించి. స్టేషన్‌కి అది నిలబడ్డ ఊరి పేరే ఉండాలని రైల్వేకి పట్టింపు లేదు, జనం ఎక్కడికి పోవడానికి దిగుతారో ఆ పేరు పెడుతుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. నర్సీపట్నం రోడ్డులో దిగి నర్సీపట్నం ఏదని అడిగితే బస్సు చూపిస్తారు. అక్కడ "రోడ్డు" అన్న తోక తగిలించి నిజం ఒప్పుకున్నారు, ఇక్కడ అదీ లేదు. సింహాచలం అని టిక్కెట్టు తీసుకుని దిగినవాళ్లు కొండ దిగువకి మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. పైగా సింహాచలం నార్త్ అని ఇంకో స్టేషన్ ఉంది. మీ పుస్తకంలో ప్రతిచోటా పేరు పక్కన కోడ్ వేయండి, ఎస్‌సీఎం, ఎస్‌సీఎంఎన్ అని. లేకపోతే ఒక స్టేషన్ సంగతి ఇంకో స్టేషన్ ఖాతాలో పడుతుంది. ఇంటర్నెట్‌లో తప్పులు సగం ఇలా పుట్టినవే.

యాత్రికుల పేరే మీకు ఒక తాళంచెవి కూడా. పాత పేపర్లు ఏడాది పొడుగునా తిరగేస్తే జీవితం చాలదు. చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియ, గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమి ముందు రోజు. పాత పంచాంగం దగ్గర పెట్టుకుని ఆ తిథులు ఏ ఏప్రిల్‌లో, మేలో, జూలైలో పడ్డాయో రాసుకుని, ఒక్కో పండగకీ ముందు పది రోజుల పేపర్లే చూడండి. ప్రత్యేక బళ్లు, అదనపు ఆగుళ్లు, తొక్కిసలాట జాగ్రత్తలు వగైరా రైల్వే ప్రకటనలు వేసే రోజులు అవే. ఒక ఏడు ప్రకటనలో స్టేషన్ పేరు ఉండి, అంతకు ముందు ఏళ్లలో లేకపోతే, మీ నాలుగో గడికి ఒక హద్దు దొరికినట్టు. ఆంధ్రపత్రిక దినపత్రిక 1914 నుంచి ఉంది. ఊళ్లో ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, యూనివర్సిటీలో వీఎస్ కృష్ణా లైబ్రరీ ముందు చూడండి. అధిక మాసం వచ్చిన ఏళ్లు మాత్రం చూసుకోండి, తిథి నెల రోజులు జరుగుతుంది.

లైన్ క్లియర్

సంపెంగ తోట గారు చెప్పింది బావుంది, దానికి ఒక తోడు. స్టేషన్ భక్తుల కోసమే పుట్టిందని మాత్రం రాసేయకండి. చిన్న స్టేషన్ చాలాసార్లు బళ్ల కోసం పుడుతుంది, జనం తర్వాత ఎక్కుతారు.

సింగిల్ లైన్ మీద రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక్క బండే ఉండాలి. ఆ ముక్క దాటడానికి నెమ్మది గూడ్సుకి 20 నిమిషాలు, లైన్ క్లియర్ అడగడం (ముందు దారి ఖాళీయా అని అవతలి స్టేషన్‌ని అడగడం), టోకెన్ ఇవ్వడం (వెళ్లొచ్చని డ్రైవరుకి ఇచ్చే గుర్తు), పాయింట్లు మార్చడం (బండిని పక్క లైనుకి మళ్లించే పట్టాలు జరపడం) కలిపి 10 నిమిషాలు అనుకోండి. రోజుకి 1440 నిమిషాలు, 30తో భాగిస్తే 48. అందులో 70 శాతమే చేతికొస్తుందని లెక్క, దీన్నే స్కాట్ ఫార్ములా అంటారు. అంటే రెండు దిక్కులూ కలిపి 33 బళ్లు. సరిగ్గా నడిమధ్య ఒక క్రాసింగ్ స్టేషన్, అంటే ఎదురెదురు బళ్లు తప్పుకునే చోటు, పెడితే 20 కాస్తా 10 అవుతుంది. 1440ని 20తో భాగిస్తే 72, అందులో 70 శాతం 50. ఒక లూపు, ఇద్దరు పాయింట్స్‌మన్లు, ఒక మాస్టరుతో రోజుకి 17 బళ్లు పెరిగాయి. టిక్కెట్టు అమ్మకం ఎంతన్నది ఆ లెక్కలో లేనే లేదు.

అందుకని మీ స్టేషన్ సంగతులని చుట్టుపక్కల సరుకు సంగతులతో పక్కపక్కన పెట్టి చూడండి. రాయపూర్ వైపు లైను 1931లో పూర్తయింది, పోర్టు 1933లో తెరిచారు. బైలదిల్లా ఇనప ఖనిజం జపానుకి పంపడానికి కొత్తవలస–కిరండూల్ లైను 1966–68లో వచ్చింది, 1980–82లో దానికి కరెంటు వచ్చింది, అవుటర్ హార్బర్ 1976లో. యార్డు ప్లాన్ సవరణల తేదీలు ఈ సంవత్సరాల వెనకాలే వస్తాయేమో చూడండి. లూపు పొడుగు కూడా కొలత వేయండి: బాక్స్‌ఎన్ (ఖనిజం, బొగ్గు మోసే పైకప్పు లేని) వ్యాగన్ ఒక్కోటి 10.713 మీటర్లు, 58 వ్యాగన్లంటే 621 మీటర్లు, ఇంజిన్లు, బ్రేక్ వ్యాను కలుపుకుంటే సుమారు 700 మీటర్ల లూపు కావాలి. ప్లాన్‌లో పాత లూపు అంతకన్నా బాగా పొట్టిగా ఉందంటే, పాత చిన్న వ్యాగన్ల కాలం నాటిది.

విశాఖ స్టేషన్ దారిలో కాదు, మూలలో ఉంది. బెజవాడ నుంచి హౌరా పోయే బండి అక్కడికొస్తే ఇంజిన్ విప్పి రెండో కొసకి తగిలించుకోవాలి. ఆ బాధ తప్పించడానికే దువ్వాడ నుంచి సింహాచలం నార్త్‌కి బైపాస్. విశాఖలోకి రాని బళ్లు దాని మీంచే పోతాయి. మీ పుస్తకంలో దీనికి ఒక చేతిగీత మ్యాపు తప్పనిసరి, మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు.

గోపాలపట్నం గేటు

గీత నేనే గీస్తాను. ఇంకొక్కటి: సబర్బన్ స్టేషన్ అని రాయొచ్చా? ఊరి శివారే కదా.

అడంగల్

శివారు స్టేషన్ అని తెలుగులో రాయండి, హాయిగా ఉంటుంది. సబర్బన్ అని మాత్రం వద్దు. రైల్వే స్టేషన్లని నాన్ సబర్బన్, సబర్బన్, హాల్ట్ అని మూడు గుంపులు చేసింది. ముంబై, కోల్‌కతా, చెన్నై లోకల్ బళ్ల స్టేషన్లు సబర్బన్ గుంపులోవి. మన వైపువి ఎన్ఎస్‌జీ, అంటే నాన్ సబర్బన్. తెలిసినవాడు మొదటి పేజీలోనే ఆ మాట పట్టుకుంటే మిగతా పదకొండు పేజీలూ అనుమానంగా చదువుతాడు.

ఆర్టీఐ మొదటి అర్జీ ముసాయిదా ఇక్కడ పెట్టండి, వేసేముందు చూస్తాను. ఒక అర్జీలో బ్రిడ్జి రిజిస్టర్, యార్డు ప్లాన్ మాత్రమే అడగండి. ల్యాండ్ ప్లాన్ విడిగా ఇంకో అర్జీ.